అప్‌డేట్: 2147483647 ప్రధాన సంఖ్య అని ఆయిలర్ చేత్తో ఎలా తేల్చాడు?

2³¹−1, అంటే 2147483647, ప్రధాన సంఖ్యేనని 1772లో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ కంప్యూటర్ లేకుండా ఎలా రుజువు చేశాడని అడిగాను కదా. వర్గమూలం 46340 దాటుతుంది. అంతవరకూ ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించాడా అన్నది నా సందేహం. సమాధానాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. విషయం తేలింది.

దీనికి ప్రధాన భాజకం ఏదైనా ఉంటే, ఫెర్మా సిద్ధాంతం ప్రకారం దాన్ని 62తో భాగిస్తే 1 మిగలాలి. ఇంతవరకు నాకూ తెలుసు. తెలియనిది రెండో జల్లెడ. ఆ భాజకంతో భాగిస్తే 2³², 2 ఒకే శేషాన్నిస్తాయి. 2³² అంటే 2¹⁶ వర్గం. కాబట్టి అక్కడ 2 ఒక వర్గశేషం, అంటే ఒక వర్గ సంఖ్యతో సమానమైన శేషమున్నది. అలాంటప్పుడు భాజకాన్ని 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ రావాలి. రెండూ కలిపితే 248తో భాగించినప్పుడు 1 లేదా 63 మిగిలేవే పరీక్షకు నిలుస్తాయి. ఎంత చక్కటి తర్కం!

వాటిలో మొదటి ప్రధాన సంఖ్య 311. 311తో భాగించగా మిగిలే శేషాలే చూస్తే, 2⁸ అంటే −55, 2¹⁶ అంటే −85, ఆ రెండిటి లబ్ధం 2²⁴ అంటే 10, దాన్ని 128తో గుణిస్తే 2³¹ అంటే 36. ఒకటి తీస్తే శేషం 35, భాగం పోలేదు. తర్వాతది ఏకంగా 1303. మిగతావి ప్రోగ్రామ్‌కు అప్పగించాను, ఏదీ భాగించలేదు.

2147483647కి ప్రిమిటివ్ రూట్ (ఏ సంఖ్య ఘాతాలను దీనితో భాగిస్తే సున్నా తప్ప అన్ని శేషాలూ వస్తాయో అది) గురించి అడిగినవారికి: 2 పనికిరాదు, 31వ ఘాతానికే 1కి వచ్చేస్తుంది. అన్నిటికన్నా చిన్నది 7.