మడ అడవుల ఇంటర్న్‌షిప్‌లో మత్స్యకార పిల్లలకు సీట్లు పక్కన పెట్టాలా?

కోరంగి కుర్రాడు
మే నెలంతా కోరంగి మడ అడవుల్లో సర్వే అని ఒక సంస్థ మా కాలేజీకి నోటీసు పంపింది. డిగ్రీ జువాలజీ, బాటనీ, ఫిషరీస్ వాళ్లకి. సర్టిఫికెట్ ఇస్తారు, స్టైపెండ్ లేదు. సగం సీట్లు మత్స్యకార, దళిత కుటుంబాల పిల్లలకి, అందులో ఆడపిల్లలకి ముందు ఇవ్వాలని లెటర్ పెడదామనుకుంటున్నాం. ఏమంటారు?

రాజమండ్రి మాస్టారు
ఇక్కడ కూడా రిజర్వేషనేనా? సముద్రపు పోటూ పాటూ తెలిసినంత మాత్రాన సైన్సు రాదు బాబూ. అడవిలో కొలతకి గడి (ప్లాటు) గీయాలి, చెట్లు కొలవాలి, లెక్కలు కంప్యూటర్లో ఎక్కించాలి. మార్కులు చూసి తీసుకోమనండి.

భైరవపాలెం ఆడపడుచు
మాస్టారూ, మడలోని ఉప్పు పొన్న చెట్టుకి చుట్టుకొలత అన్ని చెట్లలా ఛాతీ ఎత్తులో తీస్తే తప్పొస్తుంది. ఊతవేర్లు ఎక్కడిదాకా ఉన్నాయో చూసి, వాటికి పైన టేపు చుట్టాలి. అది నేర్పితే ఒక పూటలో వచ్చేస్తుంది. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ఏమవుతుందో మాత్రం మా ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

అయినా అసలు గొడవ సీట్ల దగ్గర లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రం మీద ఇంజను బోట్ల వేట బంద్. ఇంట్లో చేతిలో డబ్బు ఆడని రోజులవి. డిగ్రీ చదివే పిల్ల రొయ్యల షెడ్డుకెళ్లి తలలు తీస్తే కూలి డబ్బులొస్తాయి. ఆ పిల్లని నెలంతా ఊరికే మడలో తిరగమంటే ఎలా వస్తుంది? సీట్లు ఖాళీగా మిగుల్తాయి. మర్నాడు "చూశారా, వాళ్లకి ఆసక్తి లేదు" అనేస్తారు.

రాజమండ్రి మాస్టారు
నిషేధ భృతి 20 వేలు ఇస్తున్నారుగా?

భైరవపాలెం ఆడపడుచు
అది బోటు మీద వేటకెళ్లే వాళ్లకండీ. వలలు, ఇంజను బాగుచేయించేదీ ఆ రెండు నెలల్లోనే. ఇక మిగిలేదెంత?

కాకినాడ ఫీల్డు మనిషి
జీతం మాట నిజమే. అమెరికా వ్యవసాయ శాఖలో 1890 స్కాలర్స్ (1890 నాటి చట్టం మీద వచ్చిన పేరు) అని 1992 నుంచి ఒక పథకం ఉంది. నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన యూనివర్సిటీల్లో చదివే పిల్లలకి ఫీజు కట్టి, శాఖలోనే పని ఇప్పిస్తారు. ఉత్త సర్టిఫికెట్ ఇచ్చి పంపరు.

ఇంకోటి. ఈ సర్వేలో తాబేళ్ల గుడ్లు చూడటం కూడా ఉంది, అంటే రాత్రిపూట ఇసుక దిబ్బల మీద నడక. ఆడపిల్లని ఒక్కదాన్నే ఏ తల్లీ పంపదు. ఇద్దరేసి పిల్లల్ని కలిపి, తోడుగా ఒక మేడమ్‌ని పెడితే ఒప్పుకుంటారు. నోటీసులో ఆ ముక్కే లేదు.

రాజమండ్రి మాస్టారు
స్టైపెండ్‌కి నేను అడ్డం కాదు. ఇస్తే అందరికీ ఇవ్వాలి, కులం చూసి కాదు. అమెరికాకి డబ్బుంది, మనకెవరిస్తారు?

కోరంగి కుర్రాడు
లెటర్ మార్చాం. రొయ్యల షెడ్డు కూలికి తగ్గకుండా అందరికీ రోజుకింత ఇవ్వాలన్నది మొదటిది. సర్వేకి మేడమ్ తోడు రెండోది. సీట్ల మాట ఆ తర్వాత, దాన్ని తీసేది మాత్రం లేదు. మాస్టారూ, మొదటి రెండింటికైనా సంతకం పెడతారా?