హీరో తప్పుకు మూడొందల పేజీలు, క్షమాపణకు మూడా? ఇప్పటి రొమాన్స్ నవలల మీద మీ మాట చెప్పండి

సత్యనారాయణపురం (చర్చ పెట్టినవారు)

ముందే చెప్పేస్తున్నా, నేను రొమాన్స్ నవలలు చదువుతాను. దాచుకుని కాదు, బాహాటంగానే. ఆఫీసుకెళ్లే బస్సులో, ఫోన్‌లో, నెలకు నాలుగైదు అవుతాయి. వయసు నలభై మూడు. "ఈ వయసులో ఇవేంటే" అనే మాట ఇంట్లోనే బోలెడుసార్లు విన్నాను కాబట్టి, అదే చెప్పడానికి వచ్చేవాళ్లు ఇంకో చర్చ చూసుకోండి.

నా గొడవ వేరు. ఈమధ్య ఇంగ్లిష్ రొమాన్సుల్లో హీరోగారి ఆగడాలు మూడొందల పేజీలు సాగుతాయి, క్షమాపణ మూడు పేజీల్లో తేలిపోతుంది. పోయిన నెల చదివినదాంట్లో వాడు ఆ అమ్మాయికి తెలియకుండా ఆమె ఫోన్‌లో ట్రాకర్ పెట్టించాడు. ఆమెతో నవ్వుతూ మాట్లాడాడని పక్క సీటు కుర్రాడి ఉద్యోగం పీకించాడు. చివర్లో వానలో తడుస్తూ వచ్చి "నువ్వు లేకపోతే నేను లేను" అన్నాడు. ఆమె తలుపు తీసింది. అంతే. మరి ఆ కుర్రాడి ఉద్యోగం? రచయిత్రికి వాడు గుర్తే లేడు. నాకు మాత్రం రెండు రోజులు అదే బెంగ.

సుఖాంతం మీద నాకు ఫిర్యాదు లేదు. అమెరికాలోని రొమాన్స్ రచయితల సంఘం ఈ రకం నవలకు రెండే షరతులు పెట్టుకుంది. కథంతా ప్రేమ చుట్టూనే తిరగాలి, ముగింపు మనసుకు తృప్తిగా, ఆశగా ఉండాలి. డిటెక్టివ్ నవలలో హంతకుడు దొరికినట్టే ఇక్కడ ఇద్దరూ కలుస్తారు, అది తెలిసే కొంటాం. కానీ ఎలా కలిశారన్నదే కదా కథ!

బ్రాడీపేట 4/14

అక్కా, నాది గుంటూరు, బీటెక్ మూడో సంవత్సరం. మా హాస్టల్లో ఈ పుస్తకాలు చేతులు మారి మారి అట్టలు ఊడిపోయాయి. మీరు తిట్టిన హీరోలు నాకు ఇష్టమే, ఉన్నమాట చెబుతున్నా. కానీ బయట అలాంటివాడు తగిలితే మా రూమ్‌లో నలుగురం కలిసి నేరుగా పోలీస్ స్టేషన్‌కే పోతాం. దెయ్యం సినిమాకు టికెట్ కొన్నంత మాత్రాన దెయ్యాన్ని ఇంటికి పిలుచుకుంటామా?

పైగా ఇప్పుడు చాలా పుస్తకాల్లో మొదటి పేజీలోనే చెప్పేస్తున్నారు, ఇందులో హింస ఉంది, వెంటపడి వేధించడం ఉంది, తట్టుకోలేనివాళ్లు చదవొద్దు అని. మీ కాలం నవలల్లో ఎవరైనా అలా చెప్పారా?

కృష్ణలంక మాస్టారు

రావద్దన్నా వచ్చాను, మన్నించాలి. రిటైరైన తెలుగు మాస్టారిని. మా విజయవాడ పుస్తకాల పండగ స్వరాజ్య మైదానంలో జరిగే రోజుల నుంచీ ఏటా జనవరిలో తప్పకుండా వెళ్తున్నాను. ఇప్పుడు పిల్లలంతా రంగురంగుల కార్టూన్ అట్టల ఇంగ్లిష్ పుస్తకాల దగ్గరే గుమిగూడుతున్నారు. తెలుగులో ప్రేమ నవలకేం తక్కువమ్మా? యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చే రోజుల్లో మా ఇంట్లో ఆ పత్రిక ముందు ఎవరు చదవాలని అక్కయ్యలిద్దరూ జుట్లు పట్టుకున్నారు. అందులో ఓ మర్యాద ఉండేది. ఇప్పటివాటిలో నలభయ్యో పేజీకే అన్నీ అయిపోతాయట!

సత్యనారాయణపురం

నలభయ్యో పేజీ సంగతి మీదాకా వచ్చిందా మాస్టారూ! సరే, ఆ సన్నివేశాల జోలికి నేను పోను. ఇష్టమైనవాళ్లు చదువుతారు, లేనివాళ్లు పేజీ తిప్పుతారు.

యద్దనపూడి నాకూ ప్రాణమే. కానీ 'సెక్రటరీ' హీరో రాజశేఖరం ఎవరండీ? డబ్బున్న మారాజు, హీరోయిన్ జయంతికి యజమాని. ఇప్పటి పిల్లలు "బిలియనీర్ బాస్" అంటున్నది ఆ వరసనే. మన హీరో కారు దిగితే వీళ్ల హీరో హెలికాప్టర్ దిగుతాడు.

మర్యాద అన్నారు గనక ఒకటి చెబుతాను. చిన్నప్పుడు మా వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండేది, రోజుకు రూపాయి. అది మూసేసేటప్పుడు ఓ పాతిక నవలలు కిలోల లెక్కన తెచ్చుకున్నాను. వాటిలో ఒకటి (రాసినావిడ పేరు ఇప్పుడెవరికీ గుర్తుండదు) తీసి నిన్న రాత్రి చూశాను. అట్టకు గోధుమరంగు కాగితం, వెన్నుకు టైలర్ దారంతో కుట్టు. నూట డెబ్భయ్యో పేజీ చుట్టుపక్కల హీరో హీరోయిన్ని చెంప మీద కొడతాడు. ఆ వాక్యం పక్కన అంచులో పెన్సిల్‌తో, గుండ్రటి అక్షరాలతో "బాగా అయింది" అని ఉంది. దాని కింద నీలం ఇంకుతో ఇంకెవరో "నీకు పడితే తెలుస్తుంది" అని రాశారు. ఆ కింద మళ్లీ పెన్సిల్, కానీ చేతిరాత వేరు, "ఇద్దరూ నోర్మూసుకుని చదవండి". హీరో మాత్రం పేజీ తిప్పేలోపే ఆమె నుదుటి మీద ముద్దు పెట్టేశాడు. సారీ అనే మాటే లేదు.

బ్రాడీపేట పిల్లా, మా కాలంలో హెచ్చరిక రాసిందెవరో చూశావుగా. నీలం ఇంకు ఆవిడ.

లెనిన్ సెంటర్ పాత పుస్తకాలు

నేను చదివేది తక్కువ, అమ్మేది ఎక్కువ. అయినా ఇరవయ్యేళ్లుగా ఈ సరుకు చూస్తున్నవాణ్ణి కాబట్టి నాలుగు ముక్కలు.

అద్దె షాపుల మాట వచ్చింది కదా. మిల్స్ అండ్ బూన్ కంపెనీ 1908లో లండన్‌లో పెట్టినప్పుడు ప్రేమ నవలలకే పరిమితం కాదు, అన్ని రకాలూ వేసేది. 1930ల నాటికి అక్కడి అద్దె లైబ్రరీల్లో ఆడవాళ్లు ఏం అడుగుతున్నారో చూసి ఇటు తిరిగింది. అంటే అక్కడా ఈ కథల్ని బతికించింది మీ వీధి చివరి షాపులాంటివే.

ఇక ఇప్పటి సంగతి. కొలీన్ హూవర్ రాసిన 'ఇట్ ఎండ్స్ విత్ అస్' వచ్చింది 2016లో. 2024లో సినిమా అయ్యాక మళ్లీ ఊపందుకుంది. గులాబీ అట్ట చూసి ప్రేమకథ అని కాలేజీ పిల్లలు పట్టుకుపోతారు. చదివాక ఒకమ్మాయి తిరిగి తెచ్చి, "అంకుల్, ఇందులో మొగుడు కొడతాడు, ఇది లవ్ స్టోరీ ఏంటి" అని నా మీద ఎగిరింది. నేనేం చేసేది తల్లీ, అట్ట నేను వేయలేదు. అందులో ఆ అమ్మాయి చివరికి అతన్ని వదిలేస్తుందట కదా. అలాంటప్పుడు దాన్ని ఈ అరలో పెట్టాలా, వేరే అరలో పెట్టాలా? నాకు నిజంగానే తెలియక అడుగుతున్నా. ప్రస్తుతానికి రెండు అరల్లోనూ పెట్టాను.

బ్రాడీపేట 4/14

అంకుల్, ఆ పుస్తకం గురించే ఇంకో సంగతి. 2023 జనవరిలో దాని పేరు మీద రంగులు వేసుకునే బొమ్మల పుస్తకం వస్తుందని ప్రకటించారు. మొగుడు కొట్టే కథకు రంగులు వేసుకోవాలా అని పాఠకులే ఆన్‌లైన్లో దుమ్మెత్తిపోశారు. రచయిత్రి కూడా తప్పు ఒప్పుకున్నారు, పుస్తకం ఆగిపోయింది. అరిచింది విమర్శకులు కాదు, రొమాన్స్ చదివే మాలాంటివాళ్లే. కాబట్టి సత్యనారాయణపురం అక్కా, హీరోని చూసి మేం చెడిపోతామన్న భయం పెట్టుకోకండి.

సత్యనారాయణపురం

చెడిపోతారని నేనెప్పుడన్నానమ్మా! మీరు నాకంటే తెలివైనవాళ్లు, ఒప్పుకుంటున్నా. హూవర్ నవలలో నాకు నచ్చింది కూడా అదే, అతను ఏడ్చి బతిమాలినా ఆమె కరిగిపోలేదు. నేను అడిగేది రచయితల బద్ధకం గురించి. వాడు మారాడని చెబుతారు, మారడం చూపించరు. తప్పు చేసినవాడు రోజూ ఏం చేశాడు, ఎవరి కాళ్లు పట్టుకున్నాడు, ఉద్యోగం పోయిన కుర్రాడి ఇంటికి వెళ్లాడా? నాకు ఆ వంద పేజీలు కావాలి. వాన సీను కంటే అదే ఎక్కువ రొమాంటిక్‌గా ఉంటుంది, కావాలంటే పందెం. మా ఆయన ఓసారి మా అమ్మతో మాట తూలి, తర్వాత ఆరు నెలలు ప్రతి ఆదివారం ఆమెను మార్కెట్‌కి తీసుకెళ్లాడు. ఒక్కసారి కూడా సారీ చెప్పలేదనుకోండి, కానీ సంచి మోశాడు.

కృష్ణలంక మాస్టారు

సంచి మోయడం బాగుంది. అయితే నవలగా రాస్తే ఎవరు కొంటారమ్మా?

సత్యనారాయణపురం

నేను కొంటాను మాస్టారూ.

బ్రాడీపేట 4/14

అక్కా, మీ మీద కోపంతో నిన్న రాత్రి నాకు బాగా ఇష్టమైన పుస్తకం తీసి లెక్కపెట్టా. మొత్తం 412 పేజీలు. వాడు తప్పు చేయడం 61లో మొదలు. క్షమాపణ 398లో మొదలై 399లో అయిపోయింది. ఆ తర్వాత పదమూడు పేజీలు పెళ్లి, కవల పిల్లలు, ఓ కుక్క. కుక్కకే రెండు పేజీలిచ్చారు. మా రూమ్మేట్‌కి చెబితే పడీ పడీ నవ్వింది.

అయినా నేను ఐదు స్టార్లే ఇస్తా.

కృష్ణలంక మాస్టారు

ఆ కుక్క పుస్తకం నీ దగ్గర చదవడం అయిపోయిందా తల్లీ? మా ఆవిడ అడుగుతోంది.