అప్‌డేట్: సాళువ నరసింహుడి కొడుకులు ఏమయ్యారు?

పోయినవారం నేను అడిగింది ఇదీ: 1491లో సాళువ నరసింహరాయలు పోయాక ఇద్దరు కొడుకులుండగా విజయనగరం తుళువవాళ్ల చేతికి ఎలా వెళ్లింది? జవాబులు చెప్పినవాళ్లకు థాంక్స్. తర్వాత నేనూ కొంత చదివాను.

రాయలు చనిపోయేముందు పిల్లల్ని తన సేనాని తుళువ నరస నాయకుడికి అప్పగించాడు. పెద్దవాడు తిమ్మ కొద్దికాలానికే హత్యకు గురయ్యాడు. అది నరసుడి పనే అనుకున్నాను, పొరబడ్డాను. పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాసినదాని ప్రకారం, నరసుడంటే పడని మరో దళపతి, నేరం అతని మీదికి నెట్టాలని ఆ పని చేశాడు. చిన్నవాడు ఇమ్మడి నరసింహుడు గద్దెనెక్కి ఆ హంతకుణ్ణే చేరదీశాడట! ఇక నరసుడు ఊరుకుంటాడా? పెనుకొండకు వెళ్లి సేన కూడగట్టుకుని రాజధాని మీదికే వచ్చాడు. చివరికి కుర్రరాజును పెనుకొండ కోటలో ఉంచి, రాజ్యం తానే నడిపాడు. శాసనాల్లో రాజు పేరు మాత్రం ఇమ్మడిదే.

నాకు నరసుడి మీద కొంచెం మెత్తబడింది మనసు. చేతిలో అంత బలముండీ 1503లో పోయేదాకా కిరీటం పెట్టుకోలేదు. ఆ మొహమాటం కొడుకు వీరనరసింహుడికి లేదు. 1505లో ఇమ్మడి పెనుకొండలోనే హతమయ్యాడు, తుళువ వంశం మొదలైంది. నాలుగేళ్లకు గద్దెనెక్కిన కృష్ణదేవరాయలు ఈ వీరనరసింహుడి సవతి తమ్ముడే.

ఇక పెనుకొండ చూసి రావాలి. అనంతపురం నుంచి బస్సుంది.