రెండు కాలేజీలు కలిసి లో-పవర్ ప్రాసెసర్ చేస్తున్నాం, బ్యాటరీ లెక్క కుదరట్లేదు

ఎంటెక్_కష్టాలు:
హైదరాబాద్‌లో వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) చదువుతున్నాను. పొలంలో తేమ కొలిచే పరికరం కోసం వేరే ఊరి కాలేజీతో కలిసి ప్రాజెక్టు చేస్తున్నాం. ఐబెక్స్ అనే ఓపెన్ సోర్స్ ప్రాసెసర్ కోర్ పని మాది, సెన్సర్, రేడియో వాళ్లవి. సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మీద ఏడాది నడవాలని గైడ్ గారి పట్టు. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న మైక్రోకంట్రోలర్‌తో వాళ్లు కట్టిన బోర్డు 15 నిమిషాలకోసారి లేచి, 3 మిల్లీఆంపుల మీద 50 మిల్లీసెకన్లు లెక్క చేసి, 40 మిల్లీఆంపుల మీద ఒక సెకను రేడియోలో పంపి పడుకుంటుంది. నిద్రలో 2 మైక్రోఆంపులు. మీ కోర్ దీంట్లో సగం తింటే చాలంటున్నారు. మేం క్లాక్ గేటింగ్ (పనిలేని భాగాలకు క్లాక్ ఆపడం) పెట్టినా ఎఫ్‌పీజీఏలో (డిజైన్ పరీక్షించడానికి మళ్లీ మళ్లీ ప్రోగ్రాం చేసుకునే చిప్‌లో) పవర్ తగ్గలేదు. నెలలో రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

చిప్_మామ:
తమ్ముడూ, ముందు కాగితం తీయి. ఆ బ్యాటరీలో ఉండేది 220 మిల్లీఆంప్ అవర్స్, ఏడాదికి 8,760 గంటలు, అంటే సగటున 25 మైక్రోఆంపులు దాటకూడదు. మీ రేడియో ఒక్కటే 40 మిల్లీఆంపులు భాగించు 900 సెకన్లు, 44 మైక్రోఆంపులు మింగేస్తోంది! కోర్ వాటా 0.17 మైక్రోఆంపులే. దాన్ని సగం కాదు, సున్నా చేసినా ఒరిగేదేం లేదు. రీడింగులు మెమరీలో దాచి ఆరు గంటలకోసారి పంపితే రేడియో సగటు 2 దగ్గరికొస్తుంది. అప్పుడు దానికి సమానంగా కనిపించేది నిద్ర కరెంటు, మీ అసలు పని అక్కడుంది. క్లాక్ గేటింగ్ స్విచింగ్ పవర్నే ఆపుతుంది, లీకేజీని (పని లేకపోయినా కారే కరెంటును) కాదు, దానికి పవర్ గేటింగ్ (ఆ భాగానికి కరెంటే కట్ చేయడం) కావాలి. ఇంకోటి, బిళ్ల బ్యాటరీ నుంచి 40 మిల్లీఆంపులు ఒక్కసారి లాగితే వోల్టేజీ పడిపోతుంది, పక్కన పెద్ద కెపాసిటర్ పెట్టారా?

రాత్రి_సింథసిస్:
ఎఫ్‌పీజీఏ పవర్ చూసి చిప్ పవర్ చెప్పొద్దు బ్రో. కోర్ ఖాళీగా ఉన్నా ఎఫ్‌పీజీఏ ఫ్యాబ్రిక్ (లోపలి సర్క్యూట్ల అల్లిక) లీకేజీ పోదు, మీ పొదుపు అందులో కలిసిపోతుంది. స్టాండర్డ్ సెల్ లైబ్రరీకి (అసలు చిప్‌లో వాడే రెడీమేడ్ గేట్ల సెట్‌కి) సింథసైజ్ చేసి, అంటే డిజైన్ కోడ్‌ను గేట్లుగా మార్చి, అవతలివాళ్ల అసలు ప్రోగ్రాం నడిపి ఆ స్విచింగ్ యాక్టివిటీ పవర్ లెక్కకు ఇవ్వండి. ఒకే బైనరీ (కంపైల్ చేసిన ప్రోగ్రాం) ఇద్దరి దగ్గరా లేకపోతే ఈ గొడవ తేలదు. పీడీకే (చిప్ తయారీ కంపెనీ ఇచ్చే డిజైన్ ఫైళ్లు) జాగ్రత్త, ఫౌండ్రీ ఎన్‌డీఏ (గోప్యత ఒప్పందం) కింద వచ్చినవి పక్క కాలేజీకి పంపకూడదు. 2020లో బయటికొచ్చిన స్కైవాటర్ 130 నానోమీటర్లది ఓపెన్, ఇద్దరూ వాడుకోవచ్చు. ఐబెక్స్ కూడా ఓపెనే, ఈటీహెచ్ జ్యూరిక్, బొలోన్యా యూనివర్సిటీలు కలిసి మొదలుపెట్టిన పల్ప్ ప్రాజెక్టులో జీరో-రిస్కీ అనే పేరుతో పుట్టి, 2018లో లోరిస్క్ అనే లాభాపేక్ష లేని సంస్థ చేతికి వచ్చిందే.

ఎంటెక్_కష్టాలు:
కెపాసిటర్ లేదు అన్నా 😅 మూడు నెలలుగా కోర్‌లోని మల్టిప్లయర్ తోముతూ కూర్చున్నాం, రేడియో వైపు ఎవరం చూడలేదు. లెక్క ఫొటో తీసి వాళ్ల గ్రూపులో పెట్టాను. బ్లూ టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం ఇంకా రాలేదు.