చినుకు పడితే చాలు, డయల్-అప్ తెగిపోతోంది

ప్రశ్న (బొబ్బిలి): మాది ఫోన్ లైన్ మీద నడిచే ఇంటర్నెట్ (డయల్-అప్), 56కె మోడెమ్ (సెకనుకు 56 కిలోబిట్ల వేగం). కనెక్టయిన పది నిమిషాలకే తెగిపోతోంది. రిసీవర్ ఎత్తితే గరగరమంటోంది. రేపు తమ్ముడి రిజల్ట్స్ చూడాలి, టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: వంటింట్లో రెండో ఫోన్ ఉందా? ఉంటే తీసేసి, మోడెమ్ వైరు నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి. కాల్ వెయిటింగ్ కూడా ఆపించండి. మధ్యలో ఇంకో కాల్ వస్తే వచ్చే ఆ బీప్‌కి మోడెమ్ లైన్ వదిలేయొచ్చు.

జవాబు (రాజాం): మాకూ వానాకాలం అంతా ఇదే బాధ. సన్‌షేడ్ కింద ఫోన్ వైరు జాయింట్ విప్పితే రాగి తీగ పచ్చగా చిలుము పట్టి, ముట్టుకుంటేనే విరిగింది. లైన్‌మన్ గారు ఆ ముక్క కత్తిరించి కొత్తగా కలిపారు. అప్పటిదాకా మోడెమ్ వేగం 56కె నుంచి 33.6కెకి తగ్గించుకోండి, నిలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు: రెండో ఫోన్ తీశాను, వేగం తగ్గించాను. నలభై నిమిషాలైంది, తెగలేదు! జాయింట్ పొద్దున్నే చూపిస్తాను.