బతుకమ్మ హాల్లో మన బొమ్మలు: ఆరబెట్టుడు, పంపుడు, వేలాడదీసుడు

స్టేజీ పని చూసే తమ్ముడు, కాల్గరీ:
అందరికీ నమస్తే. ఈసారి సద్దుల బతుకమ్మకు ఫ్లెక్సీ వద్దనుకున్నం గద. స్టేజీ ఎనక నల్లగొండల అక్క వేస్తున్న ఆక్రిలిక్ బొమ్మలు పెడుతున్నం: పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం, అలంపురం గుళ్లు, పూసిన తంగేడు, పాలమూరు పిల్లలమర్రి. అక్కా, ఆగస్టు ఆఖర్ల మా మామ ఇటు వస్తున్నడు, ఆయన చేతికి ఇవ్వండి. వార్నిష్ కూడ అక్కడనే వేసి పంపితే మాకు పని తగ్గుతది.

అక్క, నల్లగొండ:
తమ్మీ, బొమ్మలు పంపుత గని వార్నిష్ ఇక్కడ వెయ్యను. ఎందుకో చెప్త, జర ఓపికతోని చదువుండ్రి.

చేతికి అంటకపోతే ఆక్రిలిక్ ఆరిపోయినట్టే అనుకుంటరు. పలుచటి పూత అరగంటల పైకి ఆరుతది, నిజమే. గని ఆ రంగుల ఉండేది నీళ్లు, ఆ నీళ్లల్ల సన్నటి ఆక్రిలిక్ రేణువులు. నీళ్లు పోయినకొద్దీ రేణువులు దగ్గరికొచ్చి, అతుక్కొని, పొర కట్టాలె. పైపొర కట్టినంక లోపలి తడి ఆ పొరల నుంచే మెల్లగ బయటికి రావాలె. పావు అంగుళం మందం వేసినమంటే దానికి నెలలు పడుతది. ఇప్పుడు ఇక్కడ వానలు. గాలిల తేమ 75 శాతం దాటిందంటే ఇంకా ఆలస్యం. ఎండల పెట్టమని మా అత్తమ్మ అంటది. వడియాలకైతే సరే గని, బొమ్మకు పైపొర ముందే బిగుసుకుంటది, మందంగున్న కాడ పగుళ్లు పడుతయ్. అందుకే అర్రల ఫ్యాన్ గాలికి, బొమ్మ మీదికి నేరుగ కొట్టకుండ, ఆరబెడుతున్న.

ఈ తేమల వార్నిష్ వేస్తే తెల్లగ మసక పడుతది. పైగ చుట్టి పంపేటివి గాబట్టి, కొత్త వార్నిష్ దేనికంటే దానికి అంటుకుంటది. కాల్గరీల గాలి పొడిగుంటది. మీరు ఫ్రేముకు బిగించినంక అక్కడ వేస్తేనే మంచిగొస్తది.

పానగల్లు, అలంపురం, తంగేడు మూడూ పలుచటి పూతలు, వాటిని చుట్టొచ్చు. పిల్లలమర్రి ఊడలు మాత్రం మోడలింగ్ పేస్టుతోని (ఆరినంక గట్టిపడే చిక్కటి ముద్ద) ఎత్తుగ లేపిన. అది చుట్టేది కాదు. ప్లైవుడ్ పలక మీద ఉంది, అట్లనే పలకగ వస్తది. దానికి ఈ ఏడు వార్నిష్ ముట్టియ్యకుండ్రి, లోపల ఇంక ఆరాలె. ముంగట తాడు కట్టి పిల్లల చేతులు తగలకుండ చూసుకోండి.

చుట్టేటప్పుడు రంగున్న దిక్కు బయటికి ఉండాలె. లోపలికి పెడితే రంగు నలిగి ముడతలు పడుతది. లావాటి గొట్టం తీసుకున్న. రంగు మీద పాలిథీన్ షీటు పరుస్త. బబుల్ రేపర్ తగిలితే గుండ్రటి మచ్చలు పడుతయ్, పేపర్ అంటుకుంటది.

తమ్ముడు:
సరే అక్కా. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చినంక మా గ్యారేజీల పెడుత. అక్కడ జాగ ఉంది.

అక్క:
గ్యారేజీ వద్దే వద్దు. మీకాడ అక్టోబర్‌ల రాత్రిళ్లు సున్నా దాక పోతదట గద. 5 డిగ్రీల దరిదాపులకొస్తే ఆక్రిలిక్ పెళుసుబారుతది, అప్పుడు చుట్ట విప్పితే పటపట పగులుతది. ఇంట్ల, వెచ్చగున్న అర్రల ఒక రోజు గొట్టం అట్లనే ఉంచి, రెండోనాడు విప్పండి. వేడి ఎక్కువైనా కష్టమే, రంగు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటది. హీటర్ పక్కన, కారు డిక్కీల పెట్టకుండ్రి.

వార్నిష్ సంగతి. ముందు ఐసొలేషన్ కోటు, అంటే రంగుకు, వార్నిష్‌కు నడుమ వేసే పొర: సాఫ్ట్ జెల్ గ్లోస్ (మెరిసే రకం ఆక్రిలిక్ జెల్) 2 పాళ్లు, నీళ్లు 1 పాలు. ఒక నాడంత ఆరనియ్యండి. దాని మీద వార్నిష్ రెండు పలుచటి పూతలు, బొమ్మను చాప మీద పండబెట్టి వెయ్యాలె. డబ్బాను ఊపకుండ్రి, బుడగలొస్తయ్, మెల్లగ కలపండి. కోటు నడుమ ఎందుకంటే, పదేండ్లకు వార్నిష్ మాసిపోతే దాన్ని తీసి కొత్తది వెయ్యొచ్చు, కింద రంగుకు ఏం కాదు. కోటు లేకుంటే వార్నిష్‌తోని రంగు కూడ లేస్తది.

పూజ, ప్రసాదం చూసే వదిన, కాల్గరీ:
అక్కా, గౌరమ్మను బొమ్మల ముంగటనే పెడదామనుకున్నం. కర్పూరం, అగరబత్తులు ఉంటయ్. పర్వాలేదా?

అక్క:
వదినా, గౌరమ్మను జర దూరంగ పెట్టండి, నాలుగైదు అడుగులన్న ఉండాలె. వార్నిష్ లేని ఆక్రిలిక్ ఎప్పటికీ కొంచెం మెత్తగనే ఉంటది, పొగ, మసి, పసుపు దానిల దిగితే మళ్ల రావు. పిల్లలమర్రికి వార్నిష్ లేదు గాబట్టి దాన్ని పూజకు అవతలి దిక్కు పెట్టండి. గునుగు, తంగేడు పొడి పడితే మెత్తటి పొడి బ్రష్‌తోని దులపండి, తడిగుడ్డ పెట్టొద్దు. ఇంకొకటి, ఇది మరువకుండ్రి: శానిటైజర్ బల్ల బొమ్మల కాడ వద్దు. దానిల ఆల్కహాల్ ఉంటది, ఆక్రిలిక్‌ను కరిగిస్తది. ఆ చెయ్యితోని పట్టుకుంటే వేలిముద్రలు పడతయ్.

తమ్ముడు:
అట్లయితే మా గెస్ట్ రూం ఖాళీ చేస్త. జెల్, వార్నిష్ నేను కొంట. వార్నిష్ వేసేతందుకు ఇద్దరు కావాలె, శనివారం పొద్దున రాగలిగేటోళ్లు చెప్పండి.

వదిన:
నేనొస్త. మా పాపకు బొమ్మలంటే పానం, ఆమెను కూడ తీసుకొస్త.

అక్క:
తీసుకరా వదినా, పాపకు బ్రష్ పట్టియ్యండి. కిటికీలు తెరిచే ముందట దుమ్ము రాకుండ ఇల్లు ఊడ్చుకోండి. పానగల్లు బొమ్మతోని మొదలువెట్టండి, దానిమీద నీడ నల్లగ ఉంది, పూత ఎక్కడ ఎక్కలేదో తెలుస్తది.