సమస్య: వరుఁడు గిరి యయ్యె, వధువు గోవయ్యెఁ గనుమ

నిర్వాహకుడు: న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో ఉన్న జర్మన్ చిత్రకారుడు ఫ్రాంజ్ మార్క్ ‘పసుపు ఆవు’ (1911) బొమ్మ చూస్తుంటే తట్టిన చివరి పాదం. పై మూడు పాదాలు పూరించడం ఇక మీ ఇష్టం.

తెనాలి మాస్టారు:
నీల మన మగ, పసుపన నెలఁత యనుచు
ఫ్రాంజు మార్కు గీచెఁ దనదు ప్రణయపటము;
మరియ గంతిడు, నా కొండ మార్కు తానె;
వరుఁడు గిరి యయ్యె, వధువు గోవయ్యెఁ గనుమ!
ఇందులో నా కల్పన లేదు. నీలం పురుషుడు, పసుపు స్త్రీ, ఎరుపు బరువైన జడపదార్థం అని 1910 డిసెంబరులో తోటి చిత్రకారుడు ఆగస్ట్ మాకెకు ఆయనే ఉత్తరం రాశాడు. ఆవు మార్క్ ప్రేయసి మరియా అని, వెనకున్న నీలి కొండలు మార్క్ అని చదివినవాడు కళాచరిత్రకారుడు రోసెంతాల్.

భీమవరం అల్లుడు: బాగుంది గానీ ‘నా కొండ’ దగ్గర ఆగిపోయాను, మాస్టారికి మార్క్ ఉన్న బవేరియాలో కొండలెప్పుడు వచ్చాయా అని. ‘తనదు’ గణం కోసం తెచ్చిందే కదా? ఇదిగో నాది, బొమ్మ జోలికి పోలేదు:
పెండ్లి పత్రిక చూపెను పిన్ని నాకు,
పేరు వరునకు, నూరేమొ పిల్ల కచట;
చదివి నవ్వితి, నీవును జదువు మిపుడు:
వరుఁడు గిరి యయ్యె, వధువు గోవయ్యెఁ గనుమ!

నిర్వాహకుడు: హహ్హ! వరుడి పేరు గిరి, పిల్ల ఊరు గోవ!

తెనాలి మాస్టారు: గోవా అండీ, దీర్ఘం. దీర్ఘం పెడితే ‘గోవా యయ్యె’ అవుతుంది, గణం గోవిందా.

భీమవరం అల్లుడు: రమా ‘రమ’, గంగా ‘గంగ’ అయినప్పుడు గోవా ‘గోవ’ కాకూడదా? పోయిన నెల ఏనుగు పూరణలో యతి మింగేసిన వారు దీర్ఘం గురించి మాట్లాడటం ముచ్చటగా ఉంది.

డాలస్ అక్కయ్య: మీ ఇద్దరూ ఆవు ఒంటిమీద నీలం మచ్చలు వదిలేశారు, వరుడు అక్కడే ఉన్నాడు కదా! ఎడమ మూల మేస్తున్న చిన్న ఎర్రావులనూ ఎవరూ పట్టించుకోలేదు. మనవాళ్లకైతే ఉత్తరం కూడా అక్కర్లేదు, ఒళ్లంతా పసుపంటే పెళ్లికూతురే. ఇంకోటి, మార్క్, మరియా 1911లో లండన్ వెళ్లినా చట్టప్రకారం పెళ్లి కుదరలేదు, అయింది 1913లో. కాబట్టి బొమ్మ గీసేనాటికి అతను ఇంకా ‘వరుడే’, పాదం సరిగ్గా సరిపోయింది.

తెనాలి మాస్టారు: అక్కయ్యా, ఆ మచ్చలు మూడో పాదంలో పెట్టి రేపు మళ్లీ పంపుతాను. అల్లుడుగారూ, ఏనుగు పద్యంలో నేను వేసింది యతికి బదులు ప్రాస కుదిర్చే ప్రాసయతి, ఒకసారి చూసుకోండి.

భీమవరం అల్లుడు: చూశాను. ప్రాస కూడా లేదు.